మూత పెట్టిన కుండా? మూతి ఉన్న కుండా?

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడుగుతూ, "శాస్త్ర విషయమే రాయండి సార్, కానీ సూత్రాలతో చంపొద్దు" అన్నారు. ఆ షరతు పూర్తిగా పాటించగలనని మాట ఇవ్వలేను. రెండు మూడు లెక్కలు తప్పవు. అయితే అవి మా మేనల్లుడి కారు డిక్కీలో పుట్టిన లెక్కలు కనుక చదువరులు ఓపిక పట్టగలరని ఆశ.

మా అక్కది ఎమ్మిగనూరు. బావ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో 27 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. వాళ్ల అబ్బాయి కారు కొని ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మధ్య బాడుగకు తిప్పుతున్నాడు. మొన్న నీలకంఠేశ్వరస్వామి జాతర ముందు వాడొక పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ కొని తెచ్చాడు. అమ్మినతను "పోర్టెడ్ బాక్సు అయితేనే బేసు అదురుతుంది" అన్నాడట. మనవాడు ఒక వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి, పక్కన గుండ్రంగా బొక్క కొట్టించి, నాలుగంగుళాల పి.వి.సి. పైపు ముక్క బిగించాడు. పైపు ఎంత పొడవు ఉండాలని వడ్రంగి అడిగితే "జానెడు కంటే తక్కువే చాల్లే అన్నా, లోపల అడ్డం పడతాది" అన్నాడట. వారం తిరక్కుండా స్పీకరు కోను చిరిగి, కాయిలు అడుగు పలకకు కొట్టుకొని, వేల రూపాయల వస్తువు తుక్కయింది.

"మామా, నువ్వు ఫిజిక్సు చెప్తావు గదా, ఇది ఎందుకు పాయె చెప్పు" అని నా దగ్గరికి వచ్చాడు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

ముందుగా, స్పీకరుకు అసలు పెట్టె ఎందుకు? కోను ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. అంటే ముందు పుట్టే తరంగం, వెనక పుట్టే తరంగం సరిగ్గా వ్యతిరేక దశలో ఉంటాయి. 40 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు. అంత పొడవైన తరంగానికి పన్నెండు అంగుళాల స్పీకరు అంచు చుట్టి రావడం లెక్కలోది కాదు. ముందుదీ వెనకదీ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పెట్టె లేని స్పీకరును చేత్తో పట్టుకుని వినండి, పీలగా ఉంటుంది. కాబట్టి వెనక తరంగాన్ని ఏదో ఒకటి చెయ్యాలి. బంధించనైనా బంధించాలి, దశ తిప్పి పనికైనా పెట్టుకోవాలి. బంధించేది మూసిన పెట్టె, దాన్నే బజారులో సీల్డ్ బాక్సు అంటారు. పనికి పెట్టుకునేది గొట్టపు పెట్టె, పోర్టెడ్ బాక్సు.

ఈ రెండూ మనకు కొత్తవి కావు. తబలా అడుగు మూసి ఉంటుంది, లోపలి గాలి తప్పించుకోలేదు. ఘటానికి మూతి ఉంది. ఘటం విద్వాంసుడు ఆ మూతిని పొట్టకు ఆనించి, కొంచెం తీసి, మళ్లీ ఆనించి నాదాన్ని మారుస్తాడు. మృదంగం, తబలాల మీద సర్ సి.వి. రామన్ 1920లోనూ, మళ్లీ 1934లోనూ పరిశోధన ప్రకటించిన సంగతి మన ఫిజిక్సు విద్యార్థులు ఎంతమంది ఎరుగుదురో! ఆయన పట్టించుకున్నది చర్మం మీది నల్లటి కరణి సంగతి, నేను చెప్పబోయేది లోపలి గాలి సంగతి.

మూతి ఉన్న కుండ ఎలా మోగుతుందో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ పందొమ్మిదో శతాబ్దంలోనే లెక్కగట్టాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే "బూ" మని మోగుతుంది గదా. సీసా మెడలోని గాలి ఒక బరువు. పొట్టలోని గాలి ఒక స్ప్రింగు. బరువు, స్ప్రింగు ఉన్నచోట ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. మెడ పొడవైతే బరువు పెరిగి శబ్దం మందరమవుతుంది. పొట్ట పెద్దదైతే స్ప్రింగు మెత్తబడి మళ్లీ మందరమే అవుతుంది. మెడ వెడల్పయితే శబ్దం పైకి పోతుంది. సూత్రం ఇది: గొట్టం అడ్డుకోత వైశాల్యాన్ని, పెట్టె ఘనపరిమాణం, గొట్టం పొడవుల లబ్ధంతో భాగించి, వర్గమూలం తీసి, శబ్దవేగంతో గుణించి, రెండు పై తో భాగించాలి. గొట్టం పొడవుకు రెండు కొసల దగ్గరా కొంచెం కలుపుకోవాలి. అనునాద గొట్టం ప్రయోగంలో "కొస సవరణ" అని రికార్డులో రాసి, ఎందుకో తెలియకుండానే మార్కులు తెచ్చుకుంటాం చూడండి, అదే ఇది. ఇలాంటి పైపుకు మొత్తం సవరణ సుమారుగా వ్యాసంలో 0.73 వంతు.

ఇప్పుడు మావాడి పెట్టె. లోపల 55 లీటర్లు. పైపు లోవ్యాసం 10 సెంటీమీటర్లు, పొడవు కూడా 10 సెంటీమీటర్లే. సవరణతో 17.3. లెక్క వేస్తే 50 హెర్ట్జ్ వచ్చింది. వాడు వినే పాటల్లో బేసు 35, 40 దాకా దిగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

గొట్టపు పెట్టెలో అనునాదం దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. ఆ పౌనఃపున్యం వద్ద గొట్టంలోని గాలి విపరీతంగా ఊగుతుంది, కోను మాత్రం దాదాపు నిలిచిపోతుంది. శబ్దమంతా గొట్టం నుంచే వస్తుంది. అదీ కోను ముందు తరంగంతో దశ కలిసి వస్తుంది. ఉచితంగా వచ్చిన బలం అది. కానీ అనునాదం కంటే కిందికి దిగామా, కోను లోపలికి నెట్టిన గాలి హాయిగా గొట్టం గుండా బయటికి పోతుంది. కోను వెనక ఇక స్ప్రింగు లేదు, అడుగు ఊడిన కవాటంలో పిస్టను లాగా ఎటుపడితే అటు ఊగుతుంది. శబ్దం రాదు సరిగదా, ముందుదీ వెనకదీ మళ్లీ కొట్టేసుకుంటాయి. శబ్దం రాలేదని మనవాడు ఇంకా పెంచుతాడు. అట్లా పెంచి పెంచి చింపుకున్నాడు.

వాడికి నమ్మకం కుదరలేదు. "లెక్కలో ఏమైనా చెప్పచ్చు మామా" అన్నాడు. అదే రకం స్పీకరు మళ్లీ కొన్నాక ఒక చిన్న ప్రయోగం చేశాం, కళాశాల ల్యాబులో ఎవరైనా చేసుకోవచ్చు. పెట్టెను స్పీకరు ఆకాశం వైపు చూసేట్టు పడుకోబెట్టి, కోను మీద గుప్పెడు జొన్నలు వేశాం. సెల్‌ఫోనులో శ్రుతి పుట్టించే యాప్‌తో, బాగా తక్కువ ధ్వనిలో, 80 హెర్ట్జ్ నుంచి మెల్లగా దిగుతూ వచ్చాం. గింజలు పేలాల్లాగా ఎగురుతున్నాయి. 50 దగ్గరికి వచ్చేసరికి చప్పబడి కూర్చున్నాయి. గొట్టం ముందు చెయ్యి పెడితే గాలి మాత్రం ఈలవేసినంత జోరుగా తగులుతోంది. 45కు దిగామో లేదో గింజలు మళ్లీ లేచి నేల మీద పడ్డాయి. మా అక్క "జొన్నలతో ఆటలేమిరా ఇద్దరికీ" అని కేకలేసింది. అల్లుడు మాత్రం కిమ్మనకుండా చూశాడు.

ఆ పైపే 32 సెంటీమీటర్లు ఉండి ఉంటే 33 హెర్ట్జ్‌కు దిగేది. స్పీకరూ దక్కేది. అందుకే ఈ గొట్టపు పెట్టెను 1930లో పేటెంటుకు పంపిన బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఆల్బర్ట్ థురాస్ తర్వాత కూడా మూడు దశాబ్దాల పాటు జనం దాన్ని గుడ్డిగా కోసి, గుడ్డిగా బిగించి తిట్టుకున్నారు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీలే, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దానికి సరైన గణితం కట్టారు. ఇప్పుడు స్పీకరుతో వచ్చే కాగితంలో కనిపించే ఎఫ్.ఎస్., క్యూ.టి.ఎస్., వి.ఎ.ఎస్. అనే మూడు అంకెలు వాళ్ల పుణ్యమే. మనవాళ్లు ఆ కాగితాన్ని పెట్టెలోనే వదిలేసి పారేస్తారు. నన్నడిగితే స్పీకరు కంటే ముందు కొనవలసింది ఆ కాగితం.

మా స్పీకరు కాగితంలో ఇట్లా ఉంది: స్వేచ్ఛగా ఊగే పౌనఃపున్యం 30 హెర్ట్జ్. క్యూ.టి.ఎస్. 0.5, అంటే కోనుకు ఊగిసలాట ఆపుకునే శక్తి ఎంతో చెప్పే అంకె. వి.ఎ.ఎస్. 40 లీటర్లు, అంటే కోను వేలాడే రబ్బరు అంచుకు ఎంత బిగువు ఉందో అంతే బిగువు చూపే గాలి ఘనపరిమాణం. ఇంకొకటి, విద్యుత్తు వైపు క్యూ విలువ 0.55. మొదటిదాన్ని దీనితో భాగిస్తే 55 వస్తుంది. ఒక మోటు కొలబద్ద ఉంది. ఈ భాగఫలం 50 దరిదాపుల్లో ఉంటే మూసిన పెట్టె, 100 దరిదాపుల్లో ఉంటే గొట్టపు పెట్టె, మధ్యలో ఉంటే మన ఇష్టం. అంటే మా స్పీకరు పుట్టుకతోనే మూసిన పెట్టెను కోరుకుంటోంది. అమ్మినతను దాన్ని అడగలేదు, మావాడూ అడగలేదు.

మూసిన పెట్టెలో లోపలి గాలి కోనుకు రెండో స్ప్రింగు. పెట్టె చిన్నదైన కొద్దీ స్ప్రింగు గట్టిపడి, ఊగే పౌనఃపున్యమూ క్యూ విలువా రెండూ పైకి పోతాయి. ఎంత పోతాయంటే వి.ఎ.ఎస్.ను పెట్టె ఘనపరిమాణంతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీసినంత రెట్లు. 40 లీటర్ల పెట్టె అయితే రెండు వర్గమూలం: క్యూ 0.707, పౌనఃపున్యం 42. పుస్తకాలు మెచ్చే అంకెలు అవి. 30 లీటర్లకు తగ్గిస్తే క్యూ 0.76, పౌనఃపున్యం 46. చెవికి పెద్ద తేడా లేదు. మూసిన పెట్టె గుణం ఇదే. వడ్రంగి చెయ్యి అర అంగుళం అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. గొట్టపు పెట్టె క్షమించదు.

"మరి లోతు బేసు తగ్గదా మామా?" అన్నాడు అల్లుడు. మంచి ప్రశ్న. మైదానంలో అయితే తగ్గుతుంది. మూసిన పెట్టె శబ్దం తన పౌనఃపున్యం కింద ప్రతి అష్టకానికి 12 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. గొట్టపు పెట్టె ఇంకాస్త కిందివరకు నిలబడి, ఆ తర్వాత 24 డెసిబెళ్ల చొప్పున బావిలో పడ్డట్టు పడిపోతుంది. కానీ మనం ఉన్నది మైదానంలో కాదు, కారులో. కారు లోపలి పొడవు రెండున్నర మీటర్లనుకుంటే, తరంగంలో సగభాగం కూడా లోపల పట్టని పౌనఃపున్యాలు సుమారు 70 హెర్ట్జ్ కింద మొదలవుతాయి. అక్కడి నుంచి కిందికి కారు గది మొత్తం ఒక డబ్బాలాగా ఒక్కసారే నొక్కుకొని విప్పుకుంటుంది. పీడనం అష్టకానికి 12 డెసిబెళ్ల దాకా పెరుగుతుంది. ఒకవైపు పెట్టె 12 పోగొడుతోంది, మరోవైపు కారు 12 ఇస్తోంది! అద్దాల సందులు, తలుపుల రేకు ఊగడం వల్ల ఆ లాభం పూర్తిగా దక్కదనుకోండి. అయినా ఇంట్లో బక్కగా వినిపించే మూసిన పెట్టె కారులో నిండుగా వినిపించడానికి రహస్యం ఇదే. గొట్టపు పెట్టె ఇదే కారులో 35, 45 మధ్య ఉబ్బిపోయి ఒకే శ్రుతి మీద గుమగుమలాడుతుంది. అది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు తగవు లేదు. పెద్ద బండి, భాగఫలం 100 దాటిన స్పీకరు, లెక్క ప్రకారం కోసిన గొట్టం, అనునాదం కింది శబ్దాన్ని కత్తిరించే ఫిల్టరు ఉన్న ఆంప్లిఫయరు, ఇన్నీ ఉంటే నేనూ గొట్టమే పెట్టమంటాను. అదే వాటేజీకి ఎక్కువ శబ్దం ఇస్తుంది మరి.

మావాడికి వీటన్నిటి కంటే పెద్ద అడ్డంకి డిక్కీ. గొట్టపు పెట్టెకు గోడలు, పైపు కలుపుకుంటే బయటి కొలత 80 లీటర్ల దరిదాపు. మంత్రాలయం పోయే కుటుంబం నాలుగు సంచులతో వస్తే ఎక్కడ పెడతాడు? కొత్త పెట్టె లోపలి కొలతలు 40, 32, 25 సెంటీమీటర్లు. 32 లీటర్లలో స్పీకరు వెనక భాగం ఆక్రమించే రెండు లీటర్లు పోను 30. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో బయటి కొలత 45 లీటర్లకు లోపే. నల్లరేగడి దుమ్ము, దారిపొడుగునా ఎగిరే పత్తి నూగు కూడా గొట్టంలో దూరే బాధ తప్పింది. అతుకులన్నిటికీ జిగురు, లోపలి మూలలకు సిలికాన్. కోనును అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కి వదిలితే అది బద్ధకంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి కారుతోందన్నమాట. మాకు మొదట టక్కున వచ్చింది. వైర్లు దూరే బొక్క దగ్గర దొరికింది లోపం.

ఇక్కడొక సరదా సంగతి. మూసిన పెట్టెలో దూదిలాంటి పీచు నింపితే పెట్టె నిజం కంటే పెద్దదిగా ప్రవర్తిస్తుంది. ఎందుకు? శబ్దవేగం లెక్కగట్టిన న్యూటన్‌కు సెకనుకు 280 మీటర్లు వచ్చి, అసలు విలువ 332 కావడం, లాప్లాస్ వచ్చి 1.4 అనే నిష్పత్తితో సరిదిద్దడం ఇంటర్మీడియట్‌లో అందరం వల్లించాం. గాలి నొక్కుకున్నప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడి పోయే సమయం లేక బిగువు 1.4 రెట్లు పెరుగుతుంది. పీచు నింపితే ఆ వేడిని పీచు పీల్చుకుంటుంది. అంటే పెట్టెలో న్యూటన్ చెప్పిందే నిజమవడం మొదలవుతుంది! సిద్ధాంతరీత్యా 40 శాతం, ఆచరణలో పది నుంచి ఇరవై శాతం దాకా పెట్టె పెద్దదైనట్టే. ఆదోనిలో పత్తికి కొదవా? కానీ పత్తి చెమ్మ పట్టి గడ్డ కడుతుంది, పురుగు చేరుతుంది. దిండ్లలో నింపే పాలియెస్టరు పీచే వాడాం. ఆదోని వాణ్ణై ఉండి ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పెట్టె తయారైంది, బిగించాం. లక్కీగా మొదటి రోజే బావ ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన సంగతి చెప్పలేదు గదా. జిన్నింగు యంత్రాల హోరులో అన్నేళ్లు, చెవికి ఏ అడ్డూ లేకుండా. కిందటేడు చెవి పరీక్ష చేయిస్తే గ్రాఫు 250, 500 హెర్ట్జ్ దగ్గర బాగానే ఉండి, 4000 దగ్గర గోతిలో పడింది. హోరు వల్ల వచ్చే చెవుడుకు అది గుర్తు. మన భాషలో అచ్చుల బలం కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, త, క లాంటి హల్లుల సూక్ష్మమంతా పైన ఉంటుంది. అందువల్ల ఆయనకు "పాట వినపడతాది గానీ మాట తెలియదు". కొడుకు సబ్‌వూఫర్ పెట్టడానికి సగం కారణం అదేనని అప్పుడు చెప్పాడు. "నాయనకు బేసు బాగా వినపడతాది మామా, అందుకే పెద్దగా పెట్టినా."

వాడి ప్రేమలో తప్పు లేదు, లెక్కలో ఉంది. కింది శ్రుతి శబ్దం పైశ్రుతి శబ్దాన్ని కప్పేస్తుంది, పైది కిందిదాన్ని అంతగా కప్పలేదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ మేయర్ 1876లోనే గమనించిన సంగతి ఇది. బేసు ఎంత పెంచితే బావకు మిగిలిన ఆ కొద్దిపాటి హల్లులూ అంత మునిగిపోతాయి. అంతేకాదు, ఫోనులో చూపే డెసిబెల్ అంకెను నమ్మి "78 ఏ గదా" అనుకోవడమూ పొరపాటే. అలాంటి మీటర్లు సాధారణంగా ఏ తూకంలో కొలుస్తాయి. ఆ తూకం 40 హెర్ట్జ్ శబ్దం నుంచి సుమారు 35 డెసిబెళ్లు తీసేసి చూపిస్తుంది. బేసు పాటకు 78 అని చూపినప్పుడు గాలిలో పీడనం 110 దాటి ఉండవచ్చు. ఇక వీధిలో నిద్రపోయేవాళ్ల సంగతికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45. ఎమ్మిగనూరు సందుల్లో మగ్గం గుంటల పక్కనే మంచాలు వేసుకుని పడుకుంటారు. మూసిన పెట్టె అయినా, గొట్టపు పెట్టె అయినా, ఆ గోడలకు తేడా తెలియదు.

మూసిన పెట్టెను 1954లో బజారులోకి తెచ్చినవాడు అమెరికాలో ఎడ్గార్ విల్చర్. చిన్న పెట్టెలో లోతైన బేసు సాధించి పేరు తెచ్చుకున్న ఆ మనిషే తర్వాత వినికిడి యంత్రాల వైపు తిరిగాడు. శబ్దాన్ని పౌనఃపున్యాలవారీగా విడదీసి, చెవికి ఎక్కడ లోటుందో అక్కడ తగినట్టు సర్దే పద్ధతి మీద 1973లో పరిశోధన ప్రకటించాడు. ఇవాళ్టి వినికిడి యంత్రాలన్నీ దాదాపు ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఈ సంగతి అల్లుడికి చెప్పినప్పుడు వాడు స్పీకరు వైపు చూడలేదు, వాళ్ల నాయన వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో సర్దుబాటు చేశాం. సబ్‌వూఫరుకు 80 హెర్ట్జ్ పైది అందకుండా కత్తిరించాం. ముందు తలుపుల్లోని చిన్న స్పీకర్లకు పైశ్రుతి కొంచెం పెంచాం. బావనే కొలబద్దగా పెట్టుకుని ఒక పాత సినిమా పాట వేశాం. బేసు ఒక్కొక్క మెట్టే తగ్గిస్తూ పోయాం. ఆయన తల ఊపడం లేదు. ఇంకో మెట్టు. ఇంకో మెట్టు. కోటేకల్లు దాటాక చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇప్పుడు మాట తెలుస్తాంది బామ్మర్దీ. ఇంక ముట్టుకోవద్దు."

అల్లుడు ఆంప్లిఫయరు మీద ఆ చోట పెన్నుతో గీత గీశాడు. పాత గొట్టపు పెట్టె అక్క వాళ్ల ఇంటి వెనకాల ఉంది. 32 సెంటీమీటర్ల పైపు, దానికి తగిన స్పీకరు తెచ్చుకునే విద్యార్థి ఎవరైనా ఉంటే వచ్చి పట్టుకుపోవచ్చు. కోళ్లు దూరకముందే రావాలి.